ఆర్ సాఫ్ట్‌వేర్‌లో సమమూల్య రేఖా పటాలు, వర్ణ స్థాయి పటాలు: క్షేత్ర పరిశోధకులకు ఒక పాఠం

నత్రజనిని నాలుగు మోతాదుల్లో, భాస్వరాన్ని మూడు మోతాదుల్లో ఇచ్చి నిర్వహించిన ప్రయోగ ఫలితాలను పట్టికలో అమర్చితే పన్నెండు సగటు దిగుబడులు లభిస్తాయి. వీటిలో ఏది అధికమో, క్రిటికల్ డిఫరెన్స్ ఆధారంగా ఏది దేనితో సమానమో పట్టికే చెబుతుంది. కానీ రెండు పోషకాలు కలిసి దిగుబడిని ఏ దిశలో పెంచుతున్నాయి, ఎక్కడ ఆ పెరుగుదల మందగిస్తోంది, శిఖరం సూటిగా ఉందా, పీఠభూమిలా ఉందా అన్న విషయాలు పట్టికలో కనిపించవు. అలాగే ఒక క్షేత్రంలో గళ్ల పద్ధతిలో సేకరించిన నూరు మట్టి నమూనాల విశ్లేషణను వరుసగా రాసి చూపితే చౌడు ఏ మూల నుంచి వ్యాపిస్తోందో ఎవరికీ అర్థం కాదు. ఈ రెండు సందర్భాల్లోనూ సమాచారం మూడు చలరాశులతో కూడి ఉంటుంది. రెండు చలరాశులు అక్షాలపైనా, మూడవది సమమూల్య రేఖలుగా లేదా వర్ణ స్థాయిలుగా కాగితంపైనా కనిపించాలి. ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటి పటాలను గీసే విధానాన్ని, అంతకంటే ముఖ్యంగా అందులో జరిగే పొరపాట్లను ఈ వ్యాసంలో వివరించడమైనది.

సమాన విలువలు గల బిందువులను కలుపుతూ రేఖలు గీయడం కొత్త సంగతి కాదు. అట్లాంటిక్ సముద్రంలో అయస్కాంత సూచి ఉత్తర దిశ నుంచి ఎంత పక్కకు తొలగుతున్నదో చూపుతూ ఎడ్మండ్ హేలీ 1701లో ప్రచురించిన పటం ఈ పద్ధతికి తొలి ప్రసిద్ధ ఉదాహరణల్లో ఒకటి. స్కాట్లండ్‌లోని షిహాలియన్ పర్వత ద్రవ్యరాశిని లెక్కగట్టే పనిలో చార్లెస్ హట్టన్ సమాన ఎత్తులు గల చోట్లను రేఖలతో కలిపి 1778లో తన వ్యాసాన్ని వెలువరించాడు. ఎత్తులను సూచించే రేఖలను మనం సమోన్నత రేఖలు అంటున్నాము. దిగుబడికి, లవణీయతకు కూడా అదే సూత్రం వర్తిస్తుంది గనుక ఇక్కడ సమమూల్య రేఖలు అనే మాటను వాడుతున్నాను.

ఆర్ భాషను న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. దాని 1.0.0 సంచిక 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. ఉచితంగా లభించడం వల్ల మన విద్యార్థులకు ఇది మిక్కిలి అనుకూలం. సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే వాల్కెనో అనే దత్తాంశం ఆక్లండ్‌లోని మౌంగావాౌ అగ్నిపర్వతపు ఎత్తులను 10 మీటర్ల గళ్లలో ఇస్తుంది. అందులో 87 అడ్డు వరుసలు, 61 నిలువు వరుసలు ఉన్నాయి. ఎత్తులు 94 నుంచి 195 మీటర్ల వరకు ఉన్నాయి. ఒక స్థలాకృతి పటం నుంచి ఇహాకా స్వయంగా అంకెలుగా మార్చిన దత్తాంశమిది. కచ్చితమైన సర్వేగా దీన్ని భావించరాదని సహాయ పత్రంలోనే రాసి ఉంది. అభ్యాసానికి ఇంతకంటే మంచిది దొరకదు. ఇమేజ్, కాంటూర్, ఫిల్డ్.కాంటూర్ అనే మూడు ఆదేశాలకు వాల్కెనో పేరును ఇచ్చి చూస్తే వాటి భేదం పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇమేజ్ ప్రతి గడికీ ఒక రంగు నింపుతుంది. కాంటూర్ రేఖలు మాత్రమే గీస్తుంది. ఫిల్డ్.కాంటూర్ రేఖల మధ్య భాగాన్ని రంగుతో నింపి, పక్కనే రంగుల కొలబద్దను కూడా ఇస్తుంది.

మాతృక దిశ: ఒక అనుభవం

ఈ ఆదేశాలన్నీ విలువలను మాతృక రూపంలో కోరతాయి. మాతృకలోని అడ్డు వరుసలు ఎక్స్ అక్షం వెంట ఎడమ నుంచి కుడికి, నిలువు వరుసలు వై అక్షం వెంట కింది నుంచి పైకి సాగుతాయి. ఇది ఒక చిన్న వాక్యం. దీన్ని పట్టించుకోనందువల్ల ఏమి జరుగుతుందో నేను కళ్లారా చూశాను.

కొన్నేళ్ల క్రితం నా వద్ద పనిచేసిన ఒక విద్యార్థి దాదాపు చతురస్రాకారంగా ఉన్న ఒక క్షేత్రంలో 12 వరుసలు, 12 నిలువులుగా 144 మట్టి నమూనాలు సేకరించాడు. విద్యుద్వాహకత విలువలను పొలం ఎలా ఉందో అలాగే స్ప్రెడ్‌షీట్‌లో నింపాడు. పై వరుస ఉత్తరపు గట్టు, మొదటి నిలువు పడమటి గట్టు. దాన్ని నేరుగా మాతృకగా మార్చి ఫిల్డ్.కాంటూర్‌కు ఇచ్చాడు. అందమైన పటం వచ్చింది. సంతృప్త మట్టి ద్రావణంలో మీటరుకు 4 డెసీసీమెన్లు దాటిన భాగం వాయవ్య మూలన ముదురు ఎరుపులో నిలిచింది. పటాన్ని నేనూ చూసి ఆమోదించాను. దాని ఆధారంగానే ఆ మూలన మురుగు కాలువ తవ్వడానికి సున్నంతో గుర్తులు వేయించాము. అప్పుడు పొలంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న కూలీ ఒకాయన, "అయ్యా, ఉప్పు తేలేది ఇక్కడ కాదండీ, ఆ బోదె వైపు మూలన. ఎండాకాలం వచ్చి చూడండి, తెల్లగా పూస్తుంది" అన్నాడు. ఆయన చూపినది ఈశాన్య మూల. వెళ్లి చూస్తే మడిలో మొక్కలే లేవు.

కారణం ఇది. స్ప్రెడ్‌షీట్‌లోని ఉత్తరపు గట్టు వరుస మాతృకకు మొదటి అడ్డు వరుస అయింది. దాన్ని ఆర్ పటానికి ఎడమ అంచున పెట్టింది. పడమటి గట్టు కింది అంచుకు చేరింది. అనగా పటమంతా గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో పాతిక చుట్టు తిరిగింది. ఈశాన్యం వాయవ్యమైంది. ఎక్స్, వై విలువలు విడిగా ఇవ్వకపోతే ఆర్ రెండు అక్షాలనూ 0 నుంచి 1 వరకు తానే అమర్చుకుంటుంది గనుక, పొలం పొడవు వెడల్పుల తేడా ఉన్నా పటంలో కనిపించదు. మా క్షేత్రం చతురస్రం కావడంతో ఆ అనుమానానికీ తావు లేకపోయింది.

పరిష్కారం చిన్నదే. మాతృకలోని అడ్డు వరుసల క్రమాన్ని ముందుగా తలకిందులు చేసి, ఆ తర్వాత టీ అనే ఆదేశంతో అడ్డును నిలువుగా మార్చాలి. అప్పుడు పడమర ఎడమకు, దక్షిణం కిందికి వస్తాయి. అక్షాలకు మీటర్లలో నిజమైన దూరాలు ఇవ్వాలి. ఈ విలువలు ఆరోహణ క్రమంలోనే ఉండాలి, లేకుంటే ఆదేశం పనిచేయదు. ఆస్ప్ అనే నియామకానికి 1 ఇస్తే రెండు అక్షాల మీద మీటరు ఒకే పొడవుతో వస్తుంది. ఇవన్నీ చేసినా, బోరు షెడ్డు, కాలువ, గేటు వంటి ఒక్క ఆనవాలునైనా పటంపై గుర్తించకుండా ఇప్పుడు నేను ఏ మట్టి పటాన్నీ ఆమోదించను.

ఆనవాలు గుర్తించడంలోనూ ఒక చిక్కు ఉంది. ఫిల్డ్.కాంటూర్ పటానికీ కొలబద్దకూ కలిపి పుటను రెండు భాగాలుగా విభజించుకుంటుంది. పటం గీసిన తర్వాత పాయింట్స్ ఆదేశంతో బిందువులు పెడితే అవి పక్కకు జరిగి పడతాయి. నమూనా స్థానాలు, ఆనవాళ్లు, అక్షాలు అన్నీ ప్లాట్.ఆక్సెస్ అనే నియామకం లోపలే ఇవ్వాలి. ఒకే పుటలో నాలుగు పటాలు అమర్చాలనుకునే వారికి కూడా ఈ ఆదేశం సహకరించదు. వారికి లాటిస్ ప్యాకేజీ మేలు.

ప్రతిస్పందన ఉపరితలం గీయడం

ఎరువుల ప్రయోగానికి వద్దాం. పాఠం కోసం మాత్రమే ఊహించిన ఒక వర్గ సమీకరణాన్ని తీసుకుంటున్నాను. ఇది ఏ ప్రయోగ ఫలితమూ కాదు. హెక్టారు దిగుబడి కిలోల్లో = 2400 + 22 న + 18 భ − 0.08 న² − 0.12 భ² + 0.02 న భ. ఇక్కడ న అంటే నత్రజని, భ అంటే భాస్వరం, రెండూ హెక్టారుకు కిలోల్లో. నత్రజని 0 నుంచి 240 వరకు, భాస్వరం 0 నుంచి 120 వరకు ప్రయోగించారనుకుందాం.

వాస్తవ ప్రయోగంలో ఈ గుణకాలను ఎల్‌ఎం ఆదేశం అంచనా వేస్తుంది. ఇక్కడే విద్యార్థులు తరచూ చేసే ఒక తప్పు ఉంది. ఆర్ సూత్రంలో నత్రజని పేరు పక్కన వర్గపు గుర్తు పెట్టినంత మాత్రాన వర్గ పదం రాదు. సూత్ర భాషలో ఆ గుర్తుకు వేరే అర్థం ఉంది. ఒక్క చలరాశిపై వాడితే అది ఆ చలరాశిగానే మిగిలిపోతుంది. హెచ్చరిక కూడా రాదు. వర్గాన్ని ఐ అనే ఆదేశపు కుండలీకరణంలో ఉంచితేనే గణిత వర్గంగా పరిగణింపబడుతుంది. ఈ తప్పు జరిగితే పటమే పట్టిస్తుంది. సంవృతమైన వలయాలు ఒక్కటీ ఉండవు, రేఖలన్నీ దాదాపు తిన్నగా సాగుతాయి, గరిష్ఠ దిగుబడి అత్యధిక ఎరువు ఉన్న మూలన కనిపిస్తుంది. అటువంటి పటం చూసి ఇంకా ఎక్కువ ఎరువు వేయమని సిఫారసు రాసినవారూ ఉన్నారు.

గుణకాలు లభించాక ఎక్స్‌పాండ్.గ్రిడ్ ఆదేశంతో మోతాదుల జాలకం తయారు చేయాలి. నత్రజని 5 కిలోల అంతరంతో 49 విలువలు, భాస్వరం 4 కిలోల అంతరంతో 31 విలువలు, మొత్తం 1519 బిందువులు. ప్రతి బిందువుకూ ప్రెడిక్ట్ ఆదేశం దిగుబడిని అంచనా వేస్తుంది. ఎక్స్‌పాండ్.గ్రిడ్‌లో మొదట ఇచ్చిన చలరాశి త్వరగా మారుతుంది. మాతృక నిలువు వరుసల వెంట నిండుతుంది. కాబట్టి నత్రజనిని మొదట ఇచ్చి, 49 అడ్డు వరుసల మాతృకను కోరాలి. క్రమం తారుమారైనా 49, 31ల లబ్ధం అదే గనుక ఆర్ అభ్యంతరం చెప్పదు. చారలు చారలుగా అర్థంలేని పటం వస్తే కారణం ఇదేనని గ్రహించాలి.

పై సమీకరణానికి కాంటూర్ ఆదేశం 200 కిలోల అంతరంతో రేఖలు గీస్తుంది. ఎరువు వేయని మూలన 2400, అక్కడి నుంచి రేఖలు దగ్గర దగ్గరగా ఉండి, లోపలికి పోయేకొద్దీ ఎడమవుతాయి. శిఖరం నత్రజని 148, భాస్వరం 87 కిలోల దగ్గర, సుమారు 4819 కిలోల వద్ద ఉంది. 4800 రేఖ చిన్న వలయం. కానీ 4600 రేఖను చూడండి. భాస్వరం 87 కిలోల వద్ద నత్రజని సుమారు 96 నుంచి 200 కిలోల వరకు ఆ రేఖ లోపలే ఉంది. నత్రజని 120, భాస్వరం 60 కిలోలు వేసిన మడి 4680 కిలోలు ఇస్తుంది. శిఖరం కంటే 139 కిలోలు తక్కువ, ఆదా అయ్యే పోషకాలు 28, 27 కిలోలు. రైతుకు కావలసిన సమాచారం ఈ వెడల్పులో ఉంది. ఒక్క శిఖర బిందువును మాత్రమే గరిష్ఠ మోతాదుగా రాసే సంప్రదాయం ఈ సమాచారాన్ని మరుగున పడవేస్తోంది.

దిగుబడికి బదులు నికర రాబడిని మూడవ చలరాశిగా తీసుకుంటే పటం మరింత ఉపయోగకరం. ధాన్యం కిలో 20 రూపాయలు, నత్రజని కిలో 12, భాస్వరం కిలో 50 అనుకుంటే, శిఖరం నత్రజని 143, భాస్వరం 76.5 కిలోల దగ్గరకు జరుగుతుంది. దిగుబడిలో తగ్గుదల సుమారు 15 కిలోలు, అనగా 300 రూపాయలు. ఎరువుల ఖర్చులో తగ్గుదల దాదాపు 600 రూపాయలు. ధరలు మారినప్పుడల్లా మళ్లీ గీయడానికి ఒక్క నిమిషం చాలు. విస్తరణ శాస్త్రవేత్తలు ఏటా చేయదగిన పని ఇది.

రేఖల అంతరం ఎంత ఉండాలన్నది సాఫ్ట్‌వేర్‌కు వదిలివేయకూడదు. కాంటూర్ సుమారు 10 స్థాయిలు, ఫిల్డ్.కాంటూర్ సుమారు 20 స్థాయిలు తమంతట తామే ఎంచుకుంటాయి. ప్రయోగపు క్రిటికల్ డిఫరెన్స్ 300 కిలోలు అయినప్పుడు 50 కిలోల అంతరంతో రేఖలు గీస్తే లేని సూక్ష్మతను చూపినట్లే. లెవెల్స్ నియామకం ద్వారా అంతరాన్ని మనమే నిర్ణయించాలి. అంతేగాక 1519 బిందువులతో నునుపుగా వచ్చిన పటం వెనుక ఉన్నవి పన్నెండు సగటులేనన్న సంగతి చదువరికి తెలియాలి. ఆ పన్నెండు స్థానాలనూ పటంపై చుక్కలుగా చూపాలి. ప్రయోగించిన మోతాదుల పరిధి దాటి జాలకాన్ని పొడిగించడం ఎంత మాత్రమూ తగదు. భాస్వరం మూడే మోతాదుల్లో ఉంటే ఆ దిశలో వక్రత సరిపోయిందో లేదో పరీక్షించే అవకాశమే ఉండదు. ప్రయోగం రూపొందించే నాడే దీన్ని ఆలోచించుకోవాలి.

లాటిస్ పద్ధతి

దీపాయన్ సర్కార్ రూపొందించిన లాటిస్ ప్యాకేజీలోని లెవెల్‌ప్లాట్, కాంటూర్‌ప్లాట్ ఆదేశాలకు మాతృక అవసరం లేదు. దిగుబడి, నత్రజని, భాస్వరం మూడు నిలువు వరుసలుగా ఉన్న దత్తాంశ పట్టిక చాలు. సూత్రంలో దిగుబడిని ఎడమన, రెండు పోషకాలను గుణకార గుర్తుతో కుడిన రాయాలి. చివర నిలువు గీత పెట్టి రకం పేరు చేర్చితే ప్రతి రకానికీ ఒక పటం విడిగా వస్తుంది. అన్నిటికీ రంగుల కొలబద్ద ఒక్కటే కావడం దీని గొప్ప సౌలభ్యం. ఖరీఫ్‌కు ఒక కొలబద్ద, రబీకి మరొక కొలబద్దతో గీసిన పటాలను పక్కపక్కన పెట్టి పోల్చడం సదస్సుల్లో తరచూ చూస్తుంటాము. ఒకే ముదురు ఆకుపచ్చ ఒక పటంలో 4000, మరొక దానిలో 5500 అయినప్పుడు ఆ పోలికకు అర్థం లేదు.

స్థాయిలను నిర్ణయించడానికి ఇక్కడ అట్ అనే నియామకం ఉంది. మట్టి పరీక్ష పటాలకు ఇది ఎంతో అవసరం. లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు తక్కువ, 560 దాటితే ఎక్కువ అని మనం వర్గీకరిస్తాము. పటంలోని విభజన కూడా 280, 560 వద్దే ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన 250, 300, 350 స్థాయిలతో సిఫారసు రాయలేము.

లాటిస్‌కు కొత్తవారిని విసిగించే లక్షణం ఒకటుంది. ఆదేశాన్ని నేరుగా టైపు చేస్తే పటం వస్తుంది. అదే ఆదేశాన్ని లూప్‌లోనో, సొంత ఫంక్షన్‌లోనో పెడితే ఖాళీ పుట మిగులుతుంది. ప్రింట్ ఆదేశం చేర్చితే సరిపోతుంది.

చెల్లాచెదురు నమూనాలు, రంగులు

జీపీఎస్‌తో సేకరించిన నమూనాలు గళ్లలో ఉండవు. వాటిని ముందుగా జాలకంపైకి అంతర్వేశనం చేయాలి. అకిమా ప్యాకేజీలోని ఇంటర్ప్ ఆదేశం త్రిభుజాల పద్ధతిలో ఈ పని చేస్తుంది. రేఖీయ పద్ధతిలో నమూనాల వెలుపలి హద్దు దాటిన చోట విలువ ఇవ్వదు, అక్కడ పటం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ నిజాయితీ గలది. దాన్ని నింపాలని ప్రయత్నించకండి. వక్ర పద్ధతిని ఎంచుకుంటే పటం నునుపుగా వస్తుంది గాని, విలువలు ఒక్కసారిగా మారే చోట లభ్య భాస్వరం సున్న కంటే తక్కువగా కూడా రావచ్చు. ఒకే స్థానంలో రెండు నమూనాలుంటే ఆదేశం ఆగిపోతుంది. వాటి సగటు తీసుకోమని డూప్లికేట్ నియామకంలో చెప్పాలి. నమూనాలు తగినన్ని ఉండి, దూరంతో పాటు వ్యత్యాసం ఎలా పెరుగుతోందో వేరియోగ్రామ్ స్పష్టంగా చూపినప్పుడు జీస్టాట్ ప్యాకేజీతో క్రీగింగ్ చేయడం ఉత్తమం. అది అంచనాతో పాటు అంచనా దోషాన్నీ ఇస్తుంది. ఆ దోషాన్ని రెండవ పటంగా గీస్తే ఎక్కడ మరిన్ని నమూనాలు తీయాలో తెలుస్తుంది.

అక్షాంశ రేఖాంశాలను డిగ్రీల్లోనే అక్షాలపై పెట్టడం మరొక అలవాటు. మన ప్రాంతంలో 16 డిగ్రీల అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కిలోమీటర్లు, ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. తేడా స్వల్పమే. అయినా దూరాలతో లెక్కలు చేసేటప్పుడు మీటర్లలోకి మార్చుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో అధిక భాగం యూటీఎం 44వ మండలంలో ఉంది. అనంతపురం వైపు 78 డిగ్రీల రేఖాంశానికి పడమట ఉన్నవారు 43వ మండలాన్ని వాడాలి.

రంగుల విషయంలో ఇంద్రధనుస్సు వరుసను విడిచిపెట్టాలని నా అభిప్రాయం. అందులో నడిమి పసుపు అన్నిటికంటే కాంతివంతంగా కనిపించి కంటిని అక్కడికే లాగుతుంది. విలువ మాత్రం అక్కడ మధ్యస్థమే. నలుపు తెలుపులో ముద్రిస్తే రెండు చివరలూ ఒకే బూడిద రంగుగా మారతాయి. ఎరుపు, ఆకుపచ్చ భేదం తెలియని చదువరులు కూడా ఉంటారు. 2019లో వెలువడిన 3.6.0 సంచిక నుంచి ఆర్‌లో ఉన్న హెచ్‌సీఎల్.కలర్స్ ఆదేశం లేత నుంచి ముదురుకు క్రమంగా సాగే వరుసలను ఇస్తుంది. దిగుబడికి, లవణీయతకు ఇవి సరిపోతాయి. ఉదజని సూచికకు మాత్రం తటస్థ స్థానం నుంచి రెండు వైపులా వేర్వేరు రంగులుగా విడిపోయే వరుస తగినది.

సిద్ధాంత గ్రంథాల్లో నలుపు తెలుపు ముద్రణ ఇంకా సాధారణమే గనుక, లెవెల్‌ప్లాట్‌లో కాంటూర్ నియామకాన్ని కూడా కోరి, రంగులపై రేఖలు గీయించాలి. రేఖలపై విలువలు కూడా రాయాలనుకుంటే లేబుల్స్ నియామకాన్నీ జతచేయాలి. పటం కింద రాసే వివరణలో నమూనాల సంఖ్య, అంతర్వేశన పద్ధతి లేదా సమీకరణం, దాని ఆర్ వర్గం, రేఖల అంతరం తప్పక ఉండాలి. మట్టి పటమైతే ఉత్తర దిశ బాణం గుర్తుతో పాటు, పొలంలో పనిచేసేవారు చూడగానే గుర్తుపట్టగలిగే ఆనవాలు ఒకటి ఉండాలి. మా విద్యార్థి సరిదిద్దిన పటంలో ఈశాన్య మూలన బోదె గీసి ఉంది. మురుగు కాలువను అటు వైపే తవ్వించాము.